ఇంటర్వ్యూ కాల్ వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

"సార్, శుక్రవారం ఇంటర్వ్యూ ఉంది. ఏం చదవాలి?"

అనంతపురంలో నా దగ్గరకు వచ్చే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఐటీఐ వాళ్లదీ ఇదే మాట, బీటెక్ వాళ్లదీ ఇదే మాట, బీకాం చేసి ట్యాలీ నేర్చుకున్న అమ్మాయిలదీ ఇదే మాట. కర్నూలు నుంచి, కడప నుంచి ఫోన్ చేసేవాళ్లకూ ఇదే చెప్పీ చెప్పీ, అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

చదవడం కంటే ముందు చేయాల్సింది నోరు తెరిచి చెప్పుకోవడం. పరీక్షలో తెలిసింది రాస్తే చాలు. ఇంటర్వ్యూలో తెలిసింది ఎదుటి మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. పదేళ్లు ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో పనిచేసి, కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే కుర్చీలోనూ కూర్చున్నాను. అక్కడ తడబడినవాళ్లలో చాలామంది బాగా చదువుకున్నవాళ్లే. కానీ వాళ్లు ఒక్కసారి కూడా పైకి చెప్పుకుని చూడలేదు.

ఒక అబ్బాయి గురించి చెబుతాను. డిప్లొమా ఎలక్ట్రికల్. మాక్ ఇంటర్వ్యూకి, అంటే సాధన కోసం చేసే ఉత్తుత్తి ఇంటర్వ్యూకి వచ్చి, వీడియో చూసి బట్టీ పట్టిన పరిచయాన్ని ఇంగ్లిష్‌లో గడగడా అప్పజెప్పాడు. "నీ ప్రాజెక్టులో మోటారు ఎన్ని హెచ్‌పీ?" అన్నాను. అంతే, నోట మాట లేదు. నీళ్లు తాగమని చెప్పి, కాసేపాగి తెలుగులో అడిగాను: "మీ చేన్లో బోరు మోటారు ఆగిపోతే ఎవరప్పా చూసేది?" ఆ పిల్లోడి ముఖమే మారిపోయింది. "నేనే సార్. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు మూలుగుతుంది. అప్పుడే ఆపకపోతే వైండింగ్ కాలిపోతుంది. రెండుసార్లు కాలిపోయినాక నాయనకు చెప్పి స్టార్టర్‌లో, ఫేజ్ పోతే మోటారును ఆపేసే ప్రివెంటర్ పెట్టించినా. మళ్లీ కాలలేదు." ఐదు నిమిషాలు ఆపకుండా చెప్పాడు. అతను ఇంటర్వ్యూలో చెప్పాల్సిన జవాబు అదే. రెజ్యూమేలో మాత్రం దాని గురించి ఒక్క ముక్క లేదు.

కింద రాసిందంతా, మీలో ఇప్పటికే ఉన్న అలాంటి జవాబును బయటికి తీసి, దాన్ని నోటికి అలవాటు చేసుకోవడం గురించే. వారం రోజులుంటే అన్నీ చేయొచ్చు. రెండు రోజులే ఉంటే 1, 5, 6, 9 అడుగులు మాత్రం వదలొద్దు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- ఒక నోట్‌బుక్. విడి కాగితాలు వద్దు, పోతాయి.
- వాయిస్ రికార్డర్ ఉన్న ఫోన్.
- పదో తరగతి నుంచి చివరి చదువు వరకు ఒరిజినల్ మెమోలు, ప్రొవిజినల్, టీసీ. అన్నిటికీ రెండు సెట్ల జిరాక్సులు.
- ఆధార్, పాన్, ఆరు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు.
- రెజ్యూమే ప్రింట్లు మూడు, ఫోన్‌లో పీడీఎఫ్ ఒకటి.
- ఇస్త్రీ చేసిన ఒక జత బట్టలు, నీలం సిరా పెన్నులు రెండు.
- మీతో రోజుకు ఇరవై నిమిషాలు కూర్చునే ఒక మనిషి. అన్న, అక్క, సీనియర్, మేనమామ, ఎవరైనా సరే.

1. కాల్ వచ్చిన రోజే వివరాలు రాసుకోండి, నిజమైనదో కాదో చూడండి

కంపెనీ పేరు, ఉద్యోగం పేరు, తేదీ, సమయం, చోటు, నేరుగానా ఆన్‌లైనా, ఎవరిని కలవాలి, ఏ కాగితాలు తేవాలి. ఇవన్నీ నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఉండాలి. ఫోన్‌లో సరిగా వినిపించకపోతే "సార్, ఈ వివరాలు మెయిల్ చేస్తారా?" అని అడగండి. అలా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

హెచ్చరిక: రిజిస్ట్రేషన్ ఫీజనీ, ల్యాప్‌టాప్ డిపాజిట్ అనీ, ట్రైనింగ్ ఖర్చనీ ముందే డబ్బు అడిగితే ఆ ఇంటర్వ్యూ మానేయండి. నాకు తెలిసిన ఒక కుటుంబం వేరుశనక్కాయలు అమ్మిన డబ్బు తీసుకెళ్లి ఒక కన్సల్టెన్సీకి కట్టింది. ఆఫర్ లెటర్ కూడా చేతికొచ్చింది. బెంగళూరుకు పోయి చూస్తే అందులో రాసిన అడ్రసులో ఆ కంపెనీయే లేదు. కాల్ వచ్చిన నంబర్‌కు కాకుండా, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల ఫిర్యాదులకు దేశమంతటికీ అదే నంబర్.

2. మీ పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉందో లేదో చూడండి

మన దగ్గర ఇది పెద్ద తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. ఇంటర్వ్యూ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లుంటే పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఫస్ట్ నేమ్ దగ్గర మీ పేరు, లాస్ట్ నేమ్ దగ్గర ఇంటిపేరు పూర్తిగా రాయండి. ప్రతిచోటా అలాగే రాయండి. స్పెల్లింగ్‌కు మాత్రం పదో తరగతి మెమోనే ఆధారంగా పెట్టుకోండి. తేడా ఎక్కువగా ఉంటే ఆధార్, పాన్ సరిచేయించుకోవడం ఇప్పుడే మొదలుపెట్టండి. ఉద్యోగం వచ్చాక పీఎఫ్ ఖాతాలో పేరు కలవకపోతే మళ్లీ తిరగాల్సింది మీరే.

ఒరిజినల్స్ చూపించండి, కానీ అక్కడ వదిలి రావద్దు. "మా దగ్గరే ఉంచుకుంటాం" అంటే, జిరాక్సుల మీద సంతకం చేసి ఇస్తానని మర్యాదగా చెప్పండి.

3. రెజ్యూమేను ఒక్క పేజీకి తగ్గించండి

కొత్తవాళ్లకు ఒక్క పేజీ చాలు. తండ్రి పేరు, మతం, కులం, వివాహ స్థితి ప్రైవేటు ఉద్యోగాల రెజ్యూమేలో అక్కర్లేదు. "కష్టపడే తత్వం", "త్వరగా నేర్చుకునే గుణం" లాంటి వాక్యాలు తీసేసి, ఆ చోట మీరు చేసిన పనులు రాయండి.

ఒక్క నియమం గట్టిగా పట్టుకోండి: దేని మీద మూడు ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పగలరో అదే రెజ్యూమేలో ఉండాలి. పైథాన్ అని రాసి "లిస్టుకీ ట్యుపుల్‌కీ తేడా ఏంటి?" అంటే తల దించుకునేదానికన్నా, ఆ మాట రాయకపోవడమే మంచిది.

ఇంటి కిరాణా షాపులో లెక్కలు చూసుకున్నారా, పాల కేంద్రంలో రిజిస్టరు రాశారా, సెలవుల్లో మెకానిక్ షెడ్డులో పనిచేశారా, రాయండి. ఇవి చిన్నతనం అనుకుని దాచేస్తారు. ధర్మవరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఇంట్లో మగ్గాలకు పట్టు ఎంత ఇచ్చారు, ఎన్ని చీరలు తిరిగొచ్చాయి, కూలి ఎంత బాకీ అని మూడేళ్లుగా పుస్తకం రాస్తోంది. అకౌంట్స్ ఉద్యోగానికి అంతకన్నా మంచి అనుభవం ఏముంటుంది?

సరి చూసుకోవడం: ప్రింట్ తీసి వేలు పెట్టి ఒక్కో మాటా చదవండి. ఫోన్ నంబర్‌కు మీరే డయల్ చేసి చూడండి. ఒక అంకె తప్పు పడిన రెజ్యూమేలు నేనెన్నో చూశాను. ఇంటర్‌లో సరదాగా పెట్టుకున్న మెయిల్ ఐడీ ఉంటే మీ పేరుతో కొత్తది చేసుకోండి.

4. ఆ ఉద్యోగంలో ఏం పని చేయాలో తెలుసుకోండి

ప్రకటనను నోట్‌బుక్‌లో ఎత్తి రాయండి. ఒక్కో అవసరం ఎదురుగా మీ దగ్గరున్నది రాయండి. ఏమీ లేని చోట ఖాళీ వదలండి. ఆ ఖాళీలే ఈ వారం మీరు చదవాల్సినవి.

కంపెనీ గురించి నాలుగు విషయాలు చాలు: ఏం తయారు చేస్తుంది లేదా ఏ సేవ ఇస్తుంది, ఎవరికి అమ్ముతుంది, మీరు వెళ్లే యూనిట్ ఎక్కడుంది, అక్కడ ఏం జరుగుతుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టాక, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. సీట్లు చేసే కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్తూ "మీరు కార్లు తయారు చేస్తారు" అంటే, ఇతను కనీసం చూసుకుని రాలేదని అక్కడే తేలిపోతుంది.

అక్కడ పనిచేసేవాళ్లు ఎవరైనా తెలిస్తే పది నిమిషాలు మాట్లాడండి. షిఫ్టులు ఎన్ని, మొదటి ఆరు నెలలు ఏ పని ఇస్తారు, ఇంటర్వ్యూలో ఏమడిగారు. నెట్‌లో గంటసేపు వెతికినా ఇంత తెలియదు.

5. పరిచయం రాసుకోండి, తర్వాత ఆ కాగితం పక్కన పెట్టేయండి

"మీ గురించి చెప్పండి" అనేది దాదాపు ప్రతి ఇంటర్వ్యూలోనూ వచ్చే మొదటి ప్రశ్న. ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర. నాలుగే ముక్కలు:

- పేరు, ఊరు, చదువు. ఒకటి రెండు వాక్యాలు.
- ఈ ఉద్యోగానికి దగ్గరగా మీరు చేసిన ఒక పని. మూడు నాలుగు వాక్యాలు. అసలు బరువంతా ఇక్కడే.
- మీకు బాగా వచ్చిన ఒకటి రెండు విషయాలు.
- ఈ ఉద్యోగానికి ఎందుకు వచ్చారు. ఒక వాక్యం.

నాన్న ఏం చేస్తారు, అన్నకు పెళ్లైందా, పదో తరగతిలో ఎన్ని మార్కులు అనేవి అడిగితేనే చెప్పండి. ఇంగ్లిష్‌లో "మైసెల్ఫ్ సో అండ్ సో" అని మొదలుపెట్టొద్దు. "ఐ యామ్" అని చక్కగా చెప్పండి. "హెయిలింగ్ ఫ్రమ్" అనే మాట అందరి నోటా వినీ వినీ ఇంటర్వ్యూ చేసేవాళ్లకు విసుగొచ్చింది. "ఐ యామ్ ఫ్రమ్ కదిరి" అంటే సరిపోతుంది.

అక్షరం అక్షరం బట్టీ పట్టొద్దు. బట్టీ పడితే మధ్యలో ఒక మాట మర్చిపోగానే మొత్తం జారిపోతుంది. ఈ నాలుగు ముక్కల పేర్లు మాత్రం గుర్తుంచుకుని, ప్రతిసారీ కొత్త వాక్యాలతో చెప్పండి. రోజుకు ఐదుసార్లు, నిలబడి, గట్టిగా. మిద్దె మీదికి వెళ్లి చెప్పుకోండి, ఎవరూ వినరు.

పరిచయంలో ఊరి పేరు చెప్పగానే "మీ ఊరి గురించి చెప్పండి" అనడం మామూలే. చాలామంది ఇక్కడ దొరికిపోతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. లేపాక్షి, పుట్టపర్తి, ధర్మవరం, హిందూపురం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. కర్నూలు నుంచి శ్రీశైలం, అహోబిలం, బెలూం గుహలు నంద్యాల జిల్లాకు వెళ్లాయి. కర్నూలు వాళ్లయితే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మీ ఊరే రాజధాని అని, కడప వాళ్లయితే గండికోట గురించి, సీపీ బ్రౌన్ పేరుతో ఉన్న గ్రంథాలయం గురించి రెండు వాక్యాలు సిద్ధంగా పెట్టుకోండి.

సరి చూసుకోవడం: రికార్డ్ చేసి వినండి. నిమిషంన్నర దాటిందా? "యాక్చువల్లీ", "బేసికల్లీ" ఎన్నిసార్లు వచ్చాయో గీతలు గీసి లెక్కపెట్టండి. మొదటి రోజు పది ఉంటే నాలుగో రోజుకు మూడుకు రావాలి. మీ గొంతు మీకే నచ్చదు, అది అందరికీ అంతే. వినడం ఆపొద్దు.

6. మీరు చేసిన ఐదు పనుల్ని చెప్పడం నేర్చుకోండి

ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. నోట్‌బుక్‌లో ఐదు పేజీలు తీసుకోండి. ఒక్కో పేజీకి ఒక్కో సంఘటన: ప్రాజెక్టు ఒకటి, ఏదైనా చెడిపోతే బాగు చేసినది ఒకటి, నలుగురితో కలిసి చేసిన పని ఒకటి, గొడవో ఇబ్బందో వచ్చి సర్దుకున్నది ఒకటి, పొరపాటు చేసి దిద్దుకున్నది ఒకటి. ప్రతి పేజీలో మూడు ప్రశ్నలకు జవాబు రాయండి: సమస్య ఏంటి? నేనేం చేశాను? చివరికి ఏమైంది?

బోరు మోటారు అబ్బాయి పేజీ ఇలా తయారైంది. సమస్య: ఒక ఫేజ్ పోయినప్పుడు మోటారు తిరుగుతూనే ఉండి, ఒకే సీజన్‌లో రెండుసార్లు వైండింగ్ కాలింది. నేను చేసింది: ఎప్పుడు కాలిందో, అప్పుడు కరెంటు ఎలా ఉందో కనుక్కుని, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించాను, కనెక్షన్లు నేనే ఇచ్చాను. చివరికి: ఆ తర్వాత మోటారు కాలలేదు, రీవైండింగ్ ఖర్చు తప్పింది. ఈ ఒక్క పేజీతో "నీకు ఎలక్ట్రికల్‌లో ఏం వచ్చు", "ఒక సమస్యను ఎలా పరిష్కరించావు", "నీ బలం ఏంటి" అనే మూడు ప్రశ్నలకూ జవాబు దొరికింది.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పులు:

"మేము చేశాం" అనడం. ప్రాజెక్టులో నలుగురుంటారు, ఉద్యోగం మీకు కావాలి. "సెన్సార్ వైరింగ్ నాది, ప్రోగ్రాం నా స్నేహితుడు రాశాడు" అని విడదీసి చెప్పండి.

కొన్న ప్రాజెక్టును సొంతదని చెప్పడం. రెండో ప్రశ్నకే పట్టుకుంటారు. కొన్నదైతే దాన్ని వదిలేసి, ల్యాబ్‌లో మీరు నిజంగా చేసిన ఒక ప్రయోగం గురించి చెప్పండి.

అంకెలు లేకపోవడం. ఎన్ని హెచ్‌పీ, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు, ఎంతమంది. కచ్చితంగా గుర్తు లేకపోతే "సుమారు" అని చెప్పండి, కల్పించొద్దు.

బ్యాక్‌లాగులు, చదువు మధ్యలో ఖాళీ ఉంటే దానికీ ఒక పేజీ కేటాయించండి. "2023లో నాన్న ఆరోగ్యం బాగాలేక ఏడాది ఇంటి దగ్గర ఉన్నాను, ఆ ఏడాదే ట్యాలీ నేర్చుకున్నాను" అని రెండు వాక్యాల్లో నిజం చెప్పి ఆపేయండి. సాగదీసి సంజాయిషీ చెబితేనే అనుమానం వస్తుంది.

సరి చూసుకోవడం: మీ సబ్జెక్టు తెలియని అమ్మకో జేజికో చెప్పి చూడండి. "అయితే ఏం చేసినావు?" అని వాళ్లు మళ్లీ అడిగితే మీరు ఇంకా సరిగా చెప్పలేదన్నమాట.

7. సబ్జెక్టులో పునాది మాత్రం చూసుకోండి

వారంలో మొత్తం సిలబస్ తిరగేయలేరు. రెజ్యూమేలో రాసినవి, నాలుగో అడుగులో ఖాళీగా మిగిలినవి, అంతే. కొత్తవాళ్లను చాలా వరకు పునాది ప్రశ్నలే అడుగుతారు.

ఫిట్టర్, మెకానికల్ వాళ్ల చేతికి వెర్నియర్ ఇచ్చి కొలవమంటారు. దాని లీస్ట్ కౌంట్, అంటే అది కొలవగలిగే అతి చిన్న కొలత, మామూలుగా 0.02 మిల్లీమీటర్లు, మైక్రోమీటర్‌కు 0.01. చెప్పడమే కాదు, కొలిచి చూపించాలి. ముందుగా దవడలు మూసి సున్నా దగ్గర తేడా ఉందో లేదో చూసుకున్నవాడు నాకు వెంటనే నచ్చుతాడు. ల్యాబ్‌కో, తెలిసిన లేత్ షాపుకో వెళ్లి ఒక గంట ప్రాక్టీస్ చేయండి.

బీకాం వాళ్లు: అనంతపురం షాపు బళ్లారి నుంచి సరుకు తెప్పిస్తే ఏ జీఎస్టీ, కర్నూలు నుంచి తెప్పిస్తే ఏ జీఎస్టీ? బళ్లారి కర్ణాటకలో ఉంది కాబట్టి ఐజీఎస్టీ. కర్నూలు మన రాష్ట్రమే కాబట్టి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఇలా మీకు తెలిసిన ఊళ్లతో, సరుకులతో అనుకుంటే మర్చిపోరు.

కంప్యూటర్స్ వాళ్లు: విద్యార్థుల టేబుల్, ఫీజుల టేబుల్ ఉన్నాయి. ఫీజు కట్టనివాళ్ల పేర్లు కూడా రావాలంటే ఏ జాయిన్ వాడాలి? లెఫ్ట్ జాయిన్ అని చెప్పి ఊరుకోకుండా, కాగితం మీద క్వెరీ రాయండి. కీబోర్డు లేకుండా రాయమంటే చేయి ఆడనివాళ్లు ఎంతోమంది.

8. ఇంగ్లిష్ భయం

చిన్న వాక్యాలు. ఒక వాక్యం, ఒక విషయం, ఆపండి. వేగం వద్దు. మన పిల్లలు ఇంగ్లిష్‌లో గబగబా మాట్లాడితేనే వచ్చినట్టు అనుకుంటారు. అవతలివాళ్లకు అర్థం కానిది ఎంత వేగంగా చెప్పినా లాభం లేదు.

మూడు మాటలు నోటికి రావాలి: ప్రశ్న అర్థం కాకపోతే "కుడ్ యు ప్లీజ్ రిపీట్ దట్?", ఆలోచించడానికి "మే ఐ టేక్ ఎ మినిట్?", తెలియకపోతే "ఐ డోంట్ నో దిస్, సర్". తెలియదన్న తర్వాత, దానికి దగ్గరగా తెలిసింది ఏదైనా ఉంటే ఒక వాక్యం చెప్పండి.

ఆపరేటర్, టెక్నీషియన్ ఉద్యోగాలకు చాలాచోట్ల తెలుగులోనే అడుగుతారు. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి మధ్యలో ఇరుక్కుంటే "తెలుగులో చెప్పొచ్చా సార్?" అని అడగండి. కాల్ సెంటర్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు మాత్రం ఈ దారి పనిచేయదు, అక్కడ మాట్లాడటమే పని.

9. కనీసం రెండు మాక్ ఇంటర్వ్యూలు

ఇంట్లో మంచం మీద కూర్చుని కాదు. కుర్చీ వేసుకుని, ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి, తలుపు తట్టి లోపలికి రావడం దగ్గర్నుంచి చేయండి. అడిగే మనిషికి మీ రెజ్యూమే ఇచ్చి ఒకే మాట చెప్పండి: ప్రతి జవాబుకూ "ఎందుకు?" అని ఇంకో ప్రశ్న వేయమనండి. సబ్జెక్టు తెలియకపోయినా ఆ ఒక్క ప్రశ్న ఎవరైనా అడగగలరు.

మనిషి దొరక్కపోతే ఇరవై ప్రశ్నలు చీటీల మీద రాసి, మడిచి, ఒక్కోటి తీస్తూ ఫోన్ వీడియో ముందు జవాబు చెప్పండి. తర్వాత శబ్దం ఆపేసి వీడియో చూడండి. కాలు ఊపుతున్నారా, చూపు నేల మీదే ఉందా, చేయి మాటిమాటికీ ముక్కు మీదికి పోతోందా, అప్పుడే కనబడుతుంది.

రెండో మాక్‌కు ఇంటర్వ్యూ రోజు బట్టలు, బూట్లు వేసుకోండి. కొత్త బూట్లు కరిస్తే ఆ రోజే తెలియాలి.

10. జీతం మాట ముందే లెక్కేసుకోండి

సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, మూడు లక్షలు అంటే నెలకు పాతికవేలు చేతికొస్తాయని ఇంట్లో చెప్పేస్తారు. రావు. ఉదాహరణకు బేసిక్ నెలకు 12,500 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం అంటే 1,500, గ్రాట్యుటీ సుమారు 600. చాలా కంపెనీలు ఈ రెండింటినీ ఆ పాతికవేలలోనే కలిపి చూపిస్తాయి. మీ వాటా పీఎఫ్ ఇంకో 1,500. ఇవి పోతే చేతికొచ్చేది 21,400 దగ్గర. ఇన్సూరెన్స్, ప్రొఫెషనల్ ట్యాక్స్ ఉంటే ఇంకాస్త తగ్గుతుంది. పీఎఫ్ మీ డబ్బే, పోదు. కానీ నెలనెలా రూమ్ అద్దె కట్టడానికి పనికిరాదు.

"ఎంత ఆశిస్తున్నారు?" అంటే కొత్తవాళ్లు "కంపెనీ పద్ధతి ప్రకారం ఇవ్వండి సార్" అన్నా తప్పులేదు. చేతికి ఎంత వస్తుంది, బాండ్ ఉందా, ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అనేవి మాత్రం ఆఫర్ ఒప్పుకునే ముందు తప్పకుండా అడగండి.

11. ముందు రోజు, ప్రయాణం

అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్ల పైమాటే. తెల్లవారుజామున బస్సెక్కితే పదింటికి ఉంటామనుకుంటారు. ఊరి పొలిమేర చేరడం ఒక ఎత్తు, హెబ్బాళ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి చేరడం ఇంకో ఎత్తు. నా మొదటి ఇంటర్వ్యూ రోజు హెబ్బాళ్ దగ్గరే గంటకు పైగా ఆగిపోయాను. వెళ్లేసరికి నా పేరు పిలవడం అయిపోయింది. ఆ బాధ ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే చెబుతున్నాను, పొద్దున ఇంటర్వ్యూ అయితే ముందు రాత్రికే అక్కడ ఉండండి. చిన్నాయన ఇల్లో, స్నేహితుడి రూమో, ఒక్క రాత్రికి అడగడానికి మొహమాటపడొద్దు. కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లకూ ఇదే మాట.

ఇంటర్వ్యూ చొక్కా వేసుకుని ప్రయాణం చేయొద్దు. మన ఎండల్లో దిగేసరికి చెమటతో అంటుకుపోతుంది. కవర్లో పెట్టుకెళ్లి అక్కడ మార్చుకోండి. అమ్మాయిలు చుడీదారైనా చీరైనా, రోజూ అలవాటున్నదే కట్టుకోండి. ఆ పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీల జోలికి పోవద్దు. రెండు ఇడ్లీలు చాలు.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే: వెలుతురు మీ ముఖం మీద పడాలి, కిటికీ మీ వెనక ఉండకూడదు. ఫోన్ చేత్తో పట్టుకోకుండా పుస్తకాల మీద కంటి ఎత్తులో నిలబెట్టండి. జూమ్, మీట్‌లో మీ పేరు సరిగా కనిపిస్తోందో లేదో చూడండి. తమ్ముడు ఆడుకుంటూ పెట్టిన పేరు అలాగే ఉండిపోతుంది. ముందు రోజు సరిగ్గా అదే సమయానికి స్నేహితుడికి వీడియో కాల్ చేసి నెట్‌వర్క్ చూసుకోండి. కరెంటు పోతే వైఫై పోతుంది కాబట్టి మొబైల్ డేటా ఉంచుకోండి. ఇంట్లో అందరికీ చెప్పండి, ఆ గంట మిక్సీ వేయొద్దని.

12. గదిలో

అరగంట ముందే చేరండి, అంతకన్నా ముందైతే బయట చెట్టు కింద ఆగండి. ఫోన్ స్విచాఫ్. వాచ్‌మన్‌తో, రిసెప్షన్‌లో అమ్మాయితో కూడా మర్యాదగా మాట్లాడండి. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగి, రెండు సెకన్లు ఊపిరి తీసుకుని జవాబు మొదలుపెట్టండి. ఒక జవాబు చెడిపోతే దాన్నే తలుచుకుంటూ కూర్చోవద్దు, తర్వాతి ప్రశ్న కూడా చెడిపోతుంది. టెన్షన్‌తో చేతులు వణికితే ఫైలు ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఉంచండి.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటే "నథింగ్ సర్" అనొద్దు. "మొదటి మూడు నెలలు నాకు ఏ పని నేర్పిస్తారు?" అని అడగండి.

13. బయటికి రాగానే

తిరుగు బస్సులో నిద్రపోయే ముందే నోట్‌బుక్ తీసి, అడిగిన ప్రతి ప్రశ్నా రాయండి. ఏది బాగా చెప్పారు, ఎక్కడ ఆగిపోయారు. ఇంటికి చేరేసరికి సగం మర్చిపోతారు. ఆగిపోయిన ప్రశ్నలకు జవాబులు ఆ వారంలోనే కనుక్కుని, మళ్లీ పైకి చెప్పుకోండి. వచ్చే ఇంటర్వ్యూలో వాటిలో కొన్నైనా మళ్లీ ఎదురవుతాయి.

మెయిల్ ఐడీ ఇచ్చి ఉంటే మర్నాడు రెండు వాక్యాల్లో కృతజ్ఞత చెప్పండి. వాళ్లు చెప్పిన గడువు దాటాక ఒకసారి అడగండి. గడువేమీ చెప్పకపోతే వారం ఆగండి. రోజూ ఫోన్ చేయొద్దు. అంతవరకు మిగతా చోట్ల దరఖాస్తులు పెడుతూనే ఉండండి. ఆఫర్ లెటర్ వస్తే పేరు, హోదా, పనిచేసే ఊరు, జీతం, బాండ్, చేరే తేదీ, ఈ ఆరూ మీకు చెప్పినట్టే ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా టిక్ పెట్టుకుని, ఆ తర్వాతే ఒప్పుకుంటున్నట్టు రాయండి.